క్రాలర్‌లో మోటార్ మౌంట్ జరపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు వైపు ఆర్‌సీ రాక్ క్రాలర్లు (రాళ్లు ఎక్కే రిమోట్ బొమ్మ బండ్లు) నడిపేవాళ్లు మోటార్ మౌంట్ గురించి పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. కొలతలన్నీ పదో వంతు సైజు బండికి, 540 సైజు మోటారుకి సంబంధించినవి. అరచేతిలో పట్టే 24వ వంతు బండ్లకి సూత్రం ఇదే అయినా అంకెలు మారిపోతాయి.

మోటార్ మౌంట్ జరపడం అంటే అసలు ఏం చేస్తారు?

ఈ పేరుతో రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. కొనేటప్పుడు తికమక వచ్చేది ఇక్కడే.

మొదటిది చిన్న పని. గేర్‌బాక్స్ ఉన్న చోటే ఉంటుంది. మోటారుని పట్టుకునే ప్లేట్ మాత్రం మారుతుంది. స్పర్ గేర్ (మోటారు తిప్పే పెద్ద పళ్ల చక్రం) చుట్టూ మోటారు స్థానం మారి కాస్త కిందికో పక్కకో ముందుకో వస్తుంది. రెండోది పెద్ద పని. మోటారు, గేర్‌బాక్స్ రెండూ ముందు యాక్సిల్ పైకి వెళ్తాయి, మధ్యలో స్కిడ్ ప్లేట్ (బండి అడుగు పలక) మీద విడిగా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే గేర్ల పెట్టె) కూర్చుంటుంది, డ్రైవ్ షాఫ్టులు మారతాయి. మొదటిది ఒక సాయంత్రం పని. రెండోదానికి బండిని సగం విప్పేయాలి.

యాక్సియల్ ఎస్‌సీఎక్స్10 త్రీలో మోటారు, గేర్‌బాక్స్ కంపెనీ నుంచే ముందు వస్తాయి. ఆ బండి ఉన్నవాళ్లకి ఈ ఖర్చు అనవసరం.

అన్నా, నిజంగా తేడా తెలుస్తుందా? లేక అందరూ చేస్తున్నారని చేయడమేనా?

ఈ పని చేసేది బరువుని ముందుకి తేవడానికి. లెక్క వేసి చూద్దాం. బరువుని ముందుకి జరిపితే ముందు చక్రాల మీద ఎంత పెరుగుతుందో తెలుసుకోవడం సులువు: జరిపిన బరువుని జరిపిన దూరంతో గుణించి వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) భాగించాలి.

540 మోటారు సుమారు 180 గ్రాములు అనుకోండి. వీల్‌బేస్ 313 మిల్లీమీటర్లు. ప్లేట్ మార్చి మోటారుని 60 మిల్లీమీటర్లు ముందుకి తెస్తే ముందు చక్రాల మీదికి వచ్చేది 35 గ్రాములు. బండి మొత్తం 2,600 గ్రాములైతే అది ఒకటిన్నర శాతం కూడా కాదు. రాయి మీద దాన్ని గుర్తుపట్టడం కష్టం.

గేర్‌బాక్స్‌తో కలిపి 400 గ్రాములు 90 మిల్లీమీటర్లు ముందుకి పోతే 115 గ్రాములు వస్తుంది. ఇది తెలుస్తుంది. కానీ 180 గ్రాముల లైపో బ్యాటరీని వెనక ట్రే నుంచి తీసి 200 మిల్లీమీటర్లు ముందున్న ట్రేలో పెట్టినా సరిగ్గా అదే 115 గ్రాములు వస్తుంది. ఖర్చు రెండు వెల్‌క్రో పట్టీలు. కాబట్టి మౌంట్ ఆర్డర్ పెట్టే ముందు బ్యాటరీ ముందుకి పోయే చోటు ఉందో లేదో చూడండి. చోటు లేకపోతేనో, బ్యాటరీ ఇప్పటికే ముందే ఉంటేనో అప్పుడు మోటారు సంగతి.

ముందు ఎంత బరువు ఉండాలి?

ముందు 60, వెనక 40 అన్నది ఎక్కువమంది అనుసరించే లెక్క. ఇంట్లో కూరగాయలు తూచే డిజిటల్ తూకం చాలు. ముందు చక్రాలు రెండూ తూకం మీద పెట్టి, వెనక చక్రాల కింద అదే ఎత్తు పుస్తకాలు పెట్టండి. తర్వాత తిప్పి వెనక తూచండి. బ్యాటరీ, బాడీ పెట్టే తూచాలి. లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

బరువు ముందుకి ఎందుకంటే, ఎక్కేటప్పుడు అది దానంతట అదే వెనక్కి జారుతుంది. బండి బరువు కేంద్రం 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, బరువు సగం సగం ఉంటే దాదాపు 57 డిగ్రీల వాలు దగ్గర ముందు చక్రాలు తేలిపోతాయి. 60-40 చేస్తే 62 డిగ్రీల దాకా ఆగుతాయి. 50-50 మీదే ఉంచి బరువు కేంద్రాన్ని 8 సెంటీమీటర్లకి దించినా ఇంచుమించు అంతే లాభం. అందుకే నా ఓటు ఎప్పుడూ కిందికి దించే మౌంట్‌కే. ముందుకి జరిపి పైకి ఎత్తేసే మౌంట్లు కూడా అమ్ముతారు. ఫొటోలో బాగుంటాయి, బండిలో ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటాయి.

నున్నటి వాలు మీద చాలాసార్లు బండి తిరగబడే లోపే టైరు జారిపోతుంది. తేడా కనబడేది మెట్టులాంటి రాయి ఎక్కేటప్పుడు, ముందు చక్రాలు పైకెక్కి వెనకవి ఇంకా కింద ఉన్న ఆ క్షణంలో. దిగేటప్పుడు మాత్రం ముందు బరువు మనకే ఎదురు తిరుగుతుంది. 60 దాటించకండి.

అల్యూమినియం, ఇత్తడి, 3డీ ప్రింట్: ఏది?

అల్యూమినియం. మోటారు వేడిని లాగి ఛాసిస్‌కి పంచుతుంది, వంగదు, ధర భరించగలిగినంతే.

ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు. యాక్సిల్ దగ్గర, నకిల్స్ (ముందు చక్రాలు పక్కకి తిరిగే కీళ్లు) దగ్గర ఇత్తడి బంగారం. మోటార్ మౌంట్ ఉండేది ఛాసిస్ పైభాగంలో. అక్కడ ఇత్తడి పెడితే దించాల్సిన బరువుని డబ్బిచ్చి పైకి ఎక్కించినట్టే.

3డీ ప్రింట్ గురించి ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఎక్కువగా అడుగుతారు. ప్రింటర్ చేతిలో ఉంది, ఫైలు దొరికింది, ఒక గంటలో వచ్చేస్తుంది, ఆ ఆశ నాకు తెలుసు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 55, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బ్రష్డ్ మోటారు డబ్బా పని చేసేటప్పుడు 70 దాటడం మామూలే. దానికి తోడు మన మే నెల. నీడలోనే 40 దాటే ఊళ్లో కారు డిక్కీలో బండి వదిలేసి గోవిందరాజస్వామి గుడికి వెళ్లొస్తే మోటారు ఆన్ చేయకుండానే మౌంట్ ఒక పక్కకి వాలి ఉంటుంది. పెటీజీ దాదాపు 80 దాకా, ఏబీఎస్ 100 దాకా నిలుస్తాయి. కొలతలు, చోటు సరిపోతున్నాయో లేదో చూసుకోవడానికి పీఎల్‌ఏలో ఒకటి ప్రింట్ చేసుకోండి, చాలా మంచి పద్ధతి. నడపడానికి అది వద్దు.

మన ఊళ్లో లేత్ షాపులో చేయించుకోవచ్చా?

నిక్షేపంగా. సాదా ప్లేట్ అయితే 3 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటు, డ్రిల్లు, ఆకురాయి ఉన్న ఏ వర్క్‌షాపైనా చేస్తుంది. నోటితో చెప్పకండి, కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి. ఇవ్వాల్సినవి: మోటారు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 25 మిల్లీమీటర్లు, స్క్రూలు ఎం3, మోటారు మూతి దూరే మధ్య రంధ్రం. మూతి కొలత మోటారుని బట్టి కొద్దిగా మారుతుంది, మీ మోటారుకి మీరే వెర్నియర్ పెట్టి కొలవండి.

ముఖ్యమైన మాట: స్క్రూ రంధ్రాలు గుండ్రంగా వద్దు, పొడవాటి గాడిలా కావాలి. మోటారు జరిగితేనే మెష్ (గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి పట్టే తీరు) సెట్ అవుతుంది. ఎంత గాడి కావాలో లెక్క ఉంది. 32 పిచ్ (పిచ్ అంటే పళ్ల సైజు కొలత) గేర్లలో పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) ఒక పన్ను పెరిగితే మోటారు 0.4 మిల్లీమీటర్లు దూరం జరగాలి. పది పళ్ల నుంచి పదహారు పళ్ల దాకా పినియన్లు మార్చే ఆలోచన ఉంటే రెండున్నర మిల్లీమీటర్లు. కాస్త ఎక్కువే పెట్టి 4 చేయించండి. ఉదాహరణకి 56 పళ్ల స్పర్, 15 పళ్ల పినియన్ అయితే రెండు ఇరుసుల మధ్య దూరం 28.2 మిల్లీమీటర్లు వస్తుంది. షాపాయనకి ఈ అంకె ఇస్తే గాడి ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనే చూసుకుంటాడు.

550 మోటారు పడుతుందా?

స్క్రూల దూరం అదే కాబట్టి బిగుసుకుంటుంది. డబ్బా పొడవు ఎక్కువ కాబట్టి వెనక ఏదో ఒకదానికి తగులుతుంది. ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4తో వచ్చేది 21 టర్న్ 550 మోటారు. దానికి ముందుకి జరిపే మౌంట్ కొనేటప్పుడు 540కి మాత్రమేనా అని అడిగి కొనండి.

బిగించే వరుస చెప్పండి.

బ్యాటరీ తీసేయండి. ఇది చెప్పాలా అనుకోకండి, పినియన్‌లో వేలు పెట్టి బండి ఆన్ చేసేవాళ్లు ఉంటారు.

విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా వైర్లు ఏ రంగు ఎక్కడికి వెళ్లిందో. స్క్రూలు ఒకే డబ్బాలో పోయకుండా విప్పిన వరుసలోనే థర్మాకోల్ ముక్కకి గుచ్చి పెట్టండి. పాత మౌంట్ తీశాక గేర్‌బాక్స్ ముఖం శుభ్రంగా తుడవాలి. ఇసుక రేణువు ఒకటి మధ్యలో ఉన్నా ప్లేట్ సమంగా కూర్చోదు, మోటారు ఇరుసు స్పర్ ఇరుసుకి సమాంతరంగా ఉండదు. అప్పుడు పళ్లు ఒక అంచునే అరుగుతాయి.

కొత్త ప్లేట్ పెట్టి స్క్రూలన్నీ చేత్తో వదులుగా తిప్పండి. అన్నీ పట్టాకే ఎదురెదురుగా ఉన్నవి జతగా బిగించండి. తర్వాత మోటారు, అదీ వదులుగానే. పినియన్ గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) మోటారు ఇరుసు మీద చదునుగా ఉన్న వైపుకే రావాలి. గుండ్రటి వైపు బిగిస్తే మొదటి రాయి దగ్గరే తిరిగిపోతుంది. 540 మోటారు ఇరుసు 3.175 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పినియన్ దాని మీదికి ఎక్కదు, సుత్తితో కొట్టకండి. పినియన్ పళ్లు స్పర్ పళ్ల వెడల్పు మొత్తానికీ ఎదురుగా ఉన్నాయా అని పైనుంచి చూడండి. ఆ తర్వాతే మెష్.

మోటారు స్క్రూ ఎంత పొడవు ఉండాలి?

ప్లేట్ మందం, దానికి 3 నుంచి 4 మిల్లీమీటర్లు కలుపుకోండి. 3 మిల్లీమీటర్ల ప్లేట్‌కి 6 చాలు, వాషర్ వేస్తే 7, 8. పొడవు స్క్రూ లోపలికి దిగి వైండింగ్‌ని (రాగి తీగ చుట్లని) గీరుతుంది. మౌంట్ మార్చగానే మోటారు కాలిపోయింది అనే కేసుల్లో నేను ముందు చూసేది ఇదే.

గేర్ మెష్ ఎట్లా సెట్ చేయాలి? ఒకసారి బిగుతు అవుతుంది, ఒకసారి కరకరమంటుంది.

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా బండి నడుస్తుంది.

పల్చటి కాగితం సన్నటి పట్టీగా చింపండి. నోటుబుక్కు కాగితం సరిపోతుంది, ఆర్టీసీ బస్సు టికెట్ ఇంకా నయం. పట్టీని పినియన్‌కి స్పర్‌కి మధ్య పెట్టి, మోటారుని స్పర్ వైపు నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించండి. స్పర్ తిప్పి కాగితం బయటికి తీయండి. కాగితం మీద పళ్ల అచ్చు సమంగా పడాలి, చిరగకూడదు. చిరిగితే బిగుతు ఎక్కువ. ఒక పక్కనే గట్టిగా పడితే ప్లేట్ వాలి ఉంది.

ఇప్పుడు పినియన్‌ని కదలకుండా పట్టుకుని స్పర్‌ని వేలితో అటూ ఇటూ కదపండి. టిక్ టిక్ అని కొంచెం ఆట ఉండాలి. ఆట లేకపోతే బేరింగులు, మోటారు వేడెక్కుతాయి. ఎక్కువుంటే పళ్లు కొసల మీదే పట్టుకుని బరువు పడగానే తెగుతాయి. చాలామంది ఒక చోట చూసి ఆగిపోతారు. ప్లాస్టిక్ స్పర్ నూటికి నూరు శాతం గుండ్రంగా ఉండదు. పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట కొంచెం ఆట ఉంటే మెష్ సరైనట్టు.

ఉక్కు పినియన్, ప్లాస్టిక్ స్పర్ జత మంచిది. ఇరుక్కున్నప్పుడు తక్కువ ధర భాగమే పోతుంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది, పళ్లు అరిగిన స్పర్‌కి మాత్రం కొత్త స్పరే మందు. ఒకటి అదనంగా బ్యాగులో ఉంచుకోండి. 48 పిచ్ పినియన్‌ని 32 పిచ్ స్పర్‌తో కలపకండి. రెండూ గేర్లే కదా అంటే కుదరదు.

అంతా బిగించాను. ట్రిగ్గర్ నొక్కితే బండి వెనక్కి పోతోంది!

భయం లేదు. స్పర్‌కి అదే పక్కన ఉంచి మోటారు స్థానం మాత్రం మార్చితే దిశ మారదు. మోటారుని స్పర్‌కి అవతలి పక్క నుంచి ఎదురుగా పెట్టినా, గేర్‌బాక్స్‌ని ముందుకు వెనక్కి తిప్పేసినా దిశ మారిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ చేరితే లోపలి గేర్ల సంఖ్యని బట్టి ఇంకోసారి మారవచ్చు. ఊహించడం దండగ. చక్రాలు గాల్లో ఉండేలా ఒక డబ్బా మీద పెట్టి మెల్లగా ట్రిగ్గర్ నొక్కి చూడండి.

సరిచేసే దారి మోటారుని బట్టి ఉంటుంది. బ్రష్డ్ మోటారైతే రెండు వైర్లు తారుమారు చేయండి. సెన్సార్ లేని బ్రష్‌లెస్ అయితే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి. సెన్సార్ ఉన్న బ్రష్‌లెస్‌కి మాత్రం వైర్ల జోలికి పోవద్దు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె) సెట్టింగులో మోటార్ దిశ మార్చాలి.

రిమోట్‌లో థ్రాటిల్ రివర్స్ చేసేస్తే పోలా అని అడుగుతారు. చక్రాలు ముందుకే తిరుగుతాయి. కానీ ఈఎస్‌సీ దాన్ని రివర్స్ అనే అనుకుంటుంది. చాలా ఈఎస్‌సీలు రివర్స్‌లో పవర్ తగ్గిస్తాయి. బ్రేక్ కూడా తలకిందులవుతుంది. దిగేటప్పుడు బ్రేక్ పట్టుకోవాల్సిన చోట పట్టదు.

ఇంకొకటి, టైమింగ్ ముందుకి జరిపిన బ్రష్డ్ మోటార్లు ఒక దిశకే తయారైనవి. వాటిని ఎదురు దిశలో నడిపితే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువై త్వరగా అరుగుతాయి. టైమింగ్ సున్నా మీద ఉన్న మోటార్లకి ఈ బెడద లేదు.

డ్రైవ్ షాఫ్ట్ ఊడిపోతోంది, లేదా తిరిగేటప్పుడు పట్టేస్తోంది.

గేర్‌బాక్స్ ముందుకి పోయినప్పుడు వచ్చే సమస్య. ముందు షాఫ్ట్ పొట్టిదవుతుంది, కోణం నిటారుగా లేస్తుంది. వెనక షాఫ్ట్ సాగాలి. బండిని ఒక చక్రం పూర్తిగా పైకి, ఎదురు మూల చక్రం పూర్తిగా కిందికి ఉండేలా పట్టుకుని చేత్తో చక్రాలు తిప్పండి. ఆ స్థితిలో వెనక షాఫ్ట్ రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి కనీసం ఒక సెంటీమీటరైనా దిగి ఉండాలి. ముందుది పూర్తిగా నొక్కినప్పుడు అడుగు తగలకూడదు. తగిలితే గేర్‌బాక్స్ బేరింగ్ మీదే దెబ్బ. షాఫ్ట్ రెండు చివర్ల కొక్కేలూ ఒకే గీతలో ఉండాలి. తొంభై డిగ్రీలు తేడాగా పెడితే బండి తడబడుతూ నడుస్తుంది, ఎంత వెతికినా కారణం కనబడదు.

సర్వో తగులుతోంది. బాడీ కూర్చోవడం లేదు.

సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) ఛాసిస్ మీద ఉంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూడండి. సర్వో యాక్సిల్ మీద ఉంటే అది పైకి లేచి మోటారు అడుగుకి కొట్టుకుంటుంది. షాక్ లోపల చిన్న స్పేసర్ వేసి ప్రయాణం తగ్గించడం దారి. బాడీ లోపల తగిలే చోటికి సున్నం పూసి ఒకసారి పెట్టి తీయండి, మచ్చ ఎక్కడ పడిందో అక్కడే కోయండి.

వైర్లు పొట్టివైపోయాయి.

మెత్తటి సిలికాన్ వైరు, పాతది ఎంత మందమో అంతే మందం. కలిపిన చోట హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం). ఇన్సులేషన్ టేపు మన ఎండకి జిగురు కారి జారిపోతుంది. వైరు స్పర్ దగ్గరికి పోకుండా ఛాసిస్‌కి ట్యాగ్‌తో కట్టండి. రిసీవర్ యాంటెన్నా మోటారు పక్క నుంచి పోనివ్వకండి.

థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఎక్కడ వేయాలి?

లోహం లోహంలోకి దిగే ప్రతి చోటా, నీలం రంగుది, ఒక చుక్క. పినియన్ గ్రబ్ స్క్రూకి తప్పనిసరి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకి వేయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి. ఎరుపుది కొనకండి, వేడి పెట్టకుండా ఊడదు.

మోటారు ఎంత వేడెక్కవచ్చు?

లేజర్ థర్మామీటర్ ఉంటే 75 దగ్గర ఆపి చల్లారనివ్వండి. లేకపోతే వేలు: మూడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే విరామం ఇవ్వాల్సిందే. మౌంట్ మార్చాక వేడి హఠాత్తుగా పెరిగితే ముందు మెష్ చూడండి, తర్వాత షాఫ్ట్ పట్టేస్తోందేమో చూడండి. అవి బాగుంటే పినియన్ రెండు పళ్లు తగ్గించండి. ముందుకి జరిగిన మోటారు బానెట్ కింద మూసుకుపోయి ఉంటుంది, వెనక ఉన్నప్పటి గాలి దానికి తగలదు. వేసవిలో పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాత నడపడం మోటారుకీ మంచిది, మనకీ మంచిది.

పరీక్షించడానికి ఎక్కడికి వెళ్లాలి?

శేషాచలం రాళ్లు చూస్తే చెయ్యి దురద పుడుతుంది, నిజమే. కానీ అది 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి. లోపల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది, ఎర్రచందనం కాపలా ఉంది. అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. బొమ్మ కారు కోసం వచ్చామంటే ఫారెస్టు వాళ్లు నమ్ముతారని ఆశ పెట్టుకోకండి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, దాని గోడల మీదా మెట్ల మీదా వద్దు.

సొంత పొలం గట్టున గ్రానైట్ బండలు ఉన్న స్నేహితుడు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు, అడిగి వెళ్లండి. మన దగ్గర రెండు రకాల రాయి ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైట్, పైన క్వార్ట్జైట్ కలిసే గీత కనబడుతుంది, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. గరుకు గ్రానైట్ మీద టైరు బాగా పడుతుంది. క్వార్ట్జైట్ నున్నగా ఉండి జారుతుంది, అంచులు పదును. మౌంట్ పనితనం చూడాలంటే గ్రానైట్ మీదే చూడండి, జారడం లెక్కలోకి రాదు.

స్వర్ణముఖి ఎండిన ఇసుకలో నడిపితే స్పర్ మీద మూత ఉండాలి. ముందుకి జరిపే చాలా మౌంట్లకి కంపెనీ గేర్ కవర్ పట్టదు. ఇసుక, గ్రీజు కలిస్తే ఆకురాయితో సమానం, అందుకే తెరిచి ఉన్న గేర్లకి గ్రీజు పూయకండి. పాత షాంపూ డబ్బా కోసి చిన్న మూత చేసుకోవచ్చు.

గ్యాస్ ఇవ్వగానే బండి ఒక పక్కకి ఒరుగుతోంది. మోటారు జరిపినందుకేనా?

కొంత వరకే. డ్రైవ్ షాఫ్ట్ తిరిగే బలానికి ఛాసిస్ ఎదురు దిశలో మెలి తిరగడం అన్ని లింక్ సస్పెన్షన్ బండ్లలోనూ ఉంటుంది. మోటారు కూడా అదే పక్కకి వచ్చి ఉంటే ఎక్కువ కనబడుతుంది. బ్యాటరీని రెండో పక్కకి జరపండి. తగ్గకపోతే ఒరిగే వైపు వెనక స్ప్రింగుకి కాలర్ (స్ప్రింగుని నొక్కి పట్టే రింగు) ఒకటి రెండు చుట్లు బిగించండి.

మళ్లీ ఎప్పుడు విప్పి చూడాలి?

మొదటి బ్యాటరీ అయిపోగానే, వేడి తగ్గాక. అల్యూమినియం ప్లేట్ మొదటిసారి వేడెక్కి చల్లారినప్పుడు స్క్రూలు కొంచెం వదులవుతాయి. మోటారు స్క్రూలు, గ్రబ్ స్క్రూ, మెష్ ఈ మూడూ అప్పుడే చూసుకోండి. స్పర్ కింద తెల్లటి పొడి రాలి ఉంటే మెష్ బిగుతుగా ఉంది, కాగితం మళ్లీ తీయండి.